పప్పు ఉడికే నీళ్లు

ప్లీడరు రాధాకృష్ణమూర్తి గారి అంబాసిడరు వినుకొండ పెళ్లికి వెళ్తూ దారిలో నాలుగుసార్లు మరిగింది. నాలుగుసార్లూ డ్రైవరు చెంచయ్య బానెట్టెత్తడం, గోనెపట్టా వేసి రేడియేటరు మూత తిప్పడం, బుస్సుమని ఆవిరి చిమ్మితే పక్కకి గెంతడం, ఏ బావి దొరుకుతుందా అని డబ్బా పట్టుకుని చేలకడ్డంపడి పరిగెత్తడం. మండపం చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి. పెళ్లికూతురి మేనమామ అందరి ముందూ అన్నాడు, "బావగారూ, దీనికంటే ఎద్దుబండి నయం కదండీ. ఎద్దులైతే మన నీళ్లు తాగి కిమ్మనకుండా నడుస్తాయి."

ఆ మాట కారు కంటే ముందే పర్చూరు చేరింది. మన ఊళ్లలో మంచిమాట నడిచొస్తుంది, ఎగతాళి బస్సెక్కి వస్తుంది.

మర్నాడు పొద్దున్నే ప్లీడరు గారు చెంచయ్యని వరండాలోకి పిలిచారు. ఆయన కోర్టులో ఎంత గట్టిగా మాట్లాడినా ఇంట్లో గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఆయన నెమ్మదిగా చెప్పిన మాట ఇంకా గట్టిగా తగిలింది.

"ఇంక చాల్లే చెంచయ్యా. బండికి పాతికేళ్లు నిండాయి. పెట్రోలు తాగడానికి తిమ్మరాజు, పనికి పోతరాజు. చీరాలలో కరీముల్లా అని ఒకాయన పాతకార్లు కొని విప్పి అమ్ముకుంటాడట. ఆయనకి కబురు పెడతాను. మా అబ్బాయి ఎలాగూ కొత్త చిన్నకారుకి పేరు రాయించాడు. వాడే నడుపుకుంటాట్ట."

వాడే నడుపుకుంటాడు. ఆ రెండు ముక్కల్లో చెంచయ్య బతుకంతా ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ కారే అతని ఉద్యోగం. కారు షెడ్డు పక్క గదే అతని ఇల్లు. భార్య పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. కరీముల్లా కారుని ముక్కలుగా విప్పి అమ్మిన రోజున తనని ఏం చేస్తారో చెంచయ్యకి తెలియలేదు. విప్పి అమ్మడానికి తనలో ఏముంది?

చెంచయ్య మొండివాడు. ఈ సంగతి ముందే చెప్పెయ్యడం మంచిది. తప్పు చేసినా మొండిగానే చేశాడు, దిద్దుకున్నా మొండిగానే దిద్దుకున్నాడు.

"అయ్యగారూ, అమ్మగారికి శ్రీశైలం మొక్కుంది కదండీ. పన్నెండు రోజుల్లో ప్రయాణం. ఆ ఒక్కటీ ఈ బండిలో తీసుకెళ్లనివ్వండి."

"శ్రీశైలం ఘాటా? వినుకొండకే నాలుగుసార్లు మరిగినదా?"

"దోర్నాల దగ్గిర కొండెక్కడం మొదలెట్టిందగ్గర్నుంచి పైకి చేరేదాకా ఒక్కసారి మరిగినా, నేనే చీరాల తీసుకెళ్లి కరీముల్లాకి అప్పజెప్పి వస్తానండి. మరక్కపోతే అమ్మొద్దు."

ప్లీడరు గారు కళ్లజోడు తీసి అతన్ని కాసేపు చూశారు. సాక్షి అబద్ధం చెబుతున్నాడో పిచ్చివాడో తేల్చుకునే చూపు అది. చివరికి "సరే, ఒక్కసారి మరిగినా అంతే" అన్నారు.

ఆ మధ్యాహ్నమే చెంచయ్య రేడియేటరు ఊడదీసి, గోనెసంచిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని చిలకలూరిపేట బస్సెక్కాడు. అక్కడ అలీ సాహెబు రేడియేటర్లు బాగుచేస్తాడు. అరవై దాటిన మనిషి. చేతివేళ్లన్నీ కాలి నల్లబడి ఉంటాయి, నాలుక మాత్రం చురుకు. పైన పెట్టె అతుకు కరిగించి ఊడదీసి, లోపలికి తొంగిచూసి, ముక్కుమీద వేలేసుకున్నాడు.

"చెంచయ్యా, ఇది రేడియేటరా, కిళ్లీకొట్టువాడి సున్నం డబ్బానా?"

లోపల సన్నటి గొట్టాల నోళ్లన్నీ తెల్లగా పెచ్చుగట్టి ఉన్నాయి. సగం గొట్టాల్లో చీపురుపుల్ల కూడా దూరలేదు. నీళ్లు వెళ్లే దారే లేనప్పుడు అవి చల్లబడేదెక్కడ?

"ఇది నేను కడిగిస్తాను. మరి ఇంజను మీద వేడి వాల్వు ఎలా ఉంది?"

"అది లేదు సాయిబు గారూ. తీసేసి పదేళ్లయింది. మన ఎండలకి అదెందుకని ఓ మేస్త్రీ చెబితే తీసి పారేశాను. అప్పట్నుంచి చలికాలంలో ఇంజను చలివేంద్రం కుండలా ఉంటుంది." ఈ మాట చెంచయ్య కాస్త గర్వంగానే అన్నాడు. ఇన్నాళ్లూ ఊరందరికీ అలాగే చెప్పుకున్నాడు మరి.

అలీ సాహెబు నెత్తి కొట్టుకున్నాడు. "అందుకే పెట్రోలు అట్లా తాగుతోంది. చల్లగా ఉండటానికి అదేమైనా మజ్జిగా? ఇంజనుకి ఉండాల్సిన వేడి ఒకటుంది. అంతకి తగ్గితే పెట్రోలు సరిగ్గా కాలదు, లోపల మసి కడుతుంది, ఆయిలు బురదవుతుంది. అంతకి మించితే పొంగుతుంది. ఆ వేడి వచ్చేదాకా నీళ్లని రేడియేటరుకి వదలకుండా ఆపేదీ, వచ్చాక తలుపు తీసేదీ ఆ వాల్వే. నువ్వు తలుపు ఊడబీకి పారేసి, ఇల్లు చల్లగా ఉందని మురిసిపోయావు."

కొత్త వాల్వు ఇచ్చాడు. నిమ్మ ఉప్పు పొట్లం కట్టిచ్చి, వేడినీళ్లలో కలిపి ఇంజనులో పోసి గంటసేపు తిప్పి వదిలెయ్యమన్నాడు, లోపలి సున్నం కరగడానికి. ఆఖర్న బీరువా తెరిచి రెండు పచ్చరంగు డబ్బాలు తీశాడు. మద్రాసు నించి తెప్పించిన కూలెంటు. "ఇది సగం, నీళ్లు సగం. ఉత్త నీళ్లు మరిగే వేడికి ఇది మరగదు. తుప్పు పట్టనివ్వదు. నా దగ్గర ఈ రెండే ఉన్నాయి, ఒకటి పట్టుకుపో."

మూడు రోజుల్లో అంతా బిగించాడు చెంచయ్య. నిమ్మ ఉప్పు నీళ్లు వదిలితే ఇంజనులోంచి పాలలాంటి నీళ్లొచ్చాయి. పదేళ్లుగా చచ్చిపడున్న వేడి చూపే ముల్లుకి తీగ కలిపాడు. కూలెంటు పోశాడు. పెరటి బావిలో నీళ్లు చేది, లెక్కగా సగానికి సగం కలిపాడు.

ఇంజను తిప్పగానే ముల్లు మెల్లగా లేచి నడిమి గీత దగ్గరికి వచ్చింది. చెంచయ్యకి చెమటలు పట్టాయి. ఇన్నాళ్లూ ఇంజను చల్లగా ఉండటమే ఆరోగ్యమనుకున్న మనిషి. ఆపేద్దామని తాళం మీద చెయ్యి వేశాడు కూడా. వేసిన చెయ్యి తియ్యకుండా, తిప్పకుండా, పళ్లు బిగించి కూర్చున్నాడు. ముల్లు నడిమి గీత మీద నిలబడింది. అక్కణ్ణించి కదల్లేదు. అద్దంకి దాకా వెళ్లొచ్చినా అక్కడే ఉంది, పెట్రోలు కూడా ఎప్పటికంటే తక్కువ తాగింది.

ఇంక గట్టెక్కామనుకున్నాడు. గట్టు ఇంకా ఉంది.

నాలుగోరోజుకి ముల్లు నడిమి గీత దాటి కాస్త పైకి జరిగింది. ఐదోరోజు ఇంకాస్త. ఇంజను చల్లారాక మూత తీసి చూస్తే, చిలకాకుపచ్చగా ఉండాల్సిన కూలెంటు కుడితిలా ఉంది. మూత అంచున మళ్లీ తెల్లటి పెచ్చు. చెంచయ్యకి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేదు, ప్రయాణం ఇంకా నాలుగు రోజులే. ఓ సీసాలో ఆ నీళ్లు పట్టుకుని మళ్లీ చిలకలూరిపేట పరిగెత్తాడు.

అలీ సాహెబు సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. "ఇందులో ఏ నీళ్లు కలిపావు?"

"మా పెరటి బావివండీ. ఇరవయ్యేళ్లుగా అవే పోస్తున్నా."

"ఆ నీళ్లలో పప్పు ఉడుకుతుందా?"

చెంచయ్య తెల్లబోయాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంటి పప్పు తింటున్నాడు. అది ఏ నీళ్లలో ఉడికిందో ఎప్పుడూ అడగలేదు.

"పప్పు ఉడకని నీళ్లు కారుకీ పనికిరావు. ఇది మాత్రం రాసిపెట్టుకో. కందిపప్పుని గట్టిగా ఉంచే సున్నమే రేడియేటర్లో పెచ్చు కడుతుంది. మందు ఎంత మంచిదైతేనేం, ఆ నీళ్లలో పడితే విరిగిపోతుంది. బ్యాటరీల్లో పోసే నీళ్లయితే ఇంకా మంచిది గానీ, మన బజారంతా తిరిగినా రెండు చిన్నసీసాలు దొరకవు. మా ఊరి బావులూ మీ బావులకి అన్నదమ్ములే. ఇదిగో రెండో డబ్బా. ఇదే ఆఖరు. ఈసారి పప్పు ఉడికే నీళ్లు కలుపు."

తిరుగుబస్సులో చెంచయ్య డబ్బా ఒళ్లో పెట్టుకుని, పనిలో చేరిన మొదటి వారం సంగతి తలుచుకున్నాడు. అప్పటికి కారు ఇంకా కొత్తదానిలా మెరుస్తుండేది. వంటింటి గుమ్మం బయట చెంబుతో పెట్టిన మంచినీళ్లు తీసుకుని రేడియేటర్లో పోశాడు. ప్లీడరు గారి భార్య కామేశ్వరి గారు చూసి, "కారుకి మంచినీళ్లేమిటయ్యా, మాకే చాలక చస్తుంటే? పెరట్లో బావి లేదూ?" అన్నారు. కసిరింది కూడా కాదు, మామూలుగా అన్నారు. అతను మాత్రం ఆ మాటని శిలాశాసనంలా పట్టుకున్నాడు. చుక్క మంచినీళ్లు కారుకి ముట్టించకపోవడం తన నిజాయితీ అనుకున్నాడు.

ఆ ఇంట్లో మంచినీళ్లంటే మాటలు కాదు. చెరువు నించి వెంకయ్య కావడి మీద రెండు బిందెలు తెస్తాడు, వేసవిలో ఇంటికి అంతే వంతు. అవి వంటింట్లోకి వెళ్లాయంటే మడినీళ్లు. కామేశ్వరి గారు తప్ప మరొకరు తాకరు. చెంచయ్యకి దాహమేస్తే పెరటి గుమ్మం దగ్గర వంగి దోసిలి పట్టాలి, ఆవిడ పైనించి చెంబుతో పోస్తుంది. ఆవిడ మంచి మనిషే. అన్నం పెట్టేటప్పుడు కడుపు చూసి పెడుతుంది. కానీ ఆచారానికి కడుపు కనిపిస్తుంది గానీ చెయ్యి కనిపించదు. ఆ చెయ్యి నీళ్లని ముట్టుకోకూడదన్న పట్టింపే ఇరవయ్యేళ్లుగా ఓ ఇంజను గొంతులో సున్నం నింపింది.

మర్నాడు వెంకయ్య కావడి దించి వెళ్లాక చెంచయ్య పెరటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఖాళీ డబ్బా చేతిలో ఉంది.

"అమ్మగారూ, మన బావి నీళ్లలో పప్పు ఉడుకుతుందాండీ?"

కామేశ్వరి గారు నవ్వారు. "ఏం, వంట నేర్చుకుంటున్నావా? ఆ నీళ్లలో వేస్తే సాయంత్రానికి కూడా గులకరాళ్లే. కాపరానికొచ్చిన మొదటిరోజు తెలియక ఎసరు పెట్టి, మా అత్తగారిచేత చీవాట్లు తిన్నాను. ఎందుకూ?"

చెంచయ్య చెప్పాడు. సున్నం సంగతి, విరిగిపోయిన కూలెంటు సంగతి, ఒక్కటే మిగిలిన డబ్బా సంగతి అంతా చెప్పాడు. అడగాల్సింది ఇంకా మిగిలి ఉంది. ఒళ్లంతా బిగించుకుని అడిగాడు.

"అర బిందె మంచినీళ్లు కావాలండి. కారుకి."

కామేశ్వరి గారు రెండు బిందెల వంకా చూశారు. ఒకటి పూజకీ తాగడానికీ, ఒకటి వంటకీ. తరవాత షెడ్డులో కారు వంక చూశారు. ఆ కారులోనే రెండు పురుళ్లకీ గుంటూరు వెళ్లి, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. చెంచయ్య డబ్బా కింద పెట్టి, ఆవిడ పైనించి పొయ్యడానికి వీలుగా పక్కకి జరిగాడు.

ఆవిడ పొయ్యలేదు. వంట బిందె ఎత్తి తెచ్చి, గుమ్మం బయట మెట్టు మీద పెట్టారు.

"నడుం పట్టేసింది చెంచయ్యా, వంచి పొయ్యలేను. నువ్వే ఎత్తుకుపో."

ఒక్క క్షణం ముందే నిండు బిందె మోసుకొచ్చిన నడుం అది. చెంచయ్యకి తెలుసు, ఆవిడకీ తెలుసు. అతను చేతులు పంచెకి తుడుచుకుని ఆ బిందె ఎత్తాడు. ఎత్తినవాడికి కళ్లు సరిగ్గా కనిపించలేదు.

ఆ పూట ఆ ఇంట్లో పప్పు లేదు. ప్లీడరు గారు మజ్జిగలో ఆవకాయ నంజుకుంటూ "ఇవాళ పప్పేదీ?" అని అడిగారు. "కారు తాగేసింది" అన్నారు కామేశ్వరి గారు.

ప్రయాణం రోజు పొద్దున్నే బయల్దేరి, చిలకలూరిపేట, నరసరావుపేట, వినుకొండ దాటి, మధ్యాహ్నానికి దోర్నాల చేరారు. ముల్లు నడిమి గీత మీదే ఉంది. దోర్నాల దాటాక అడవి, అడవిలో ఎక్కుడు. ఎండ నెత్తి మీదికొచ్చింది. చెంచయ్య గేరు దించాడు. అడవిగాలి కూడా వేడిగానే కొడుతోంది.

నాలుగో మలుపు దగ్గర ముల్లు నడిమి గీత వదిలింది. చెంచయ్య చూశాడు. వెనక సీట్లో ఉన్న ప్లీడరు గారు కూడా ముందుకి వంగి చూస్తున్నారని అద్దంలో కనిపించింది.

ముల్లు ఇంకో గీత లేచింది.

"ఆపు చెంచయ్యా. అదుగో, ముందు టీ కొట్టు దగ్గర డ్రమ్ములో నీళ్లున్నాయి. లారీలవాళ్లు పోసుకుంటున్నారు. నువ్వూ పొయ్యి."

టీ కొట్టు దగ్గర ఓ లారీ బానెట్టెత్తి ఆవిరి కక్కుతోంది. ఇరవయ్యేళ్లలో ప్లీడరు గారు ఆపమంటే ఆపనిది లేదు, పొమ్మంటే పోనిది లేదు. చెంచయ్య చక్రం గట్టిగా పట్టుకున్నాడు. కారు టీ కొట్టు దాటిపోయింది.

"చెంచయ్యా, నీకే చెప్పేది."

"వినపడిందండి. పొయ్యనండి." చెంచయ్య రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. "ఇప్పుడు మూత తీస్తే లోపల ఆవిరి బిగువు పోయి పొంగుతుందండి. పొంగితే తప్పు బండిది కాదు, మూత తీసినవాడిది. పైగా ఆ డ్రమ్ములో నీళ్లు ఎలాటివో నాకు తెలీదు. ముల్లు ఎర్ర గీతకి ఇంకా కిందే ఉంది. ఎర్ర గీత తాకితే నేనే ఆపుతాను, ఆపి మీరు చెప్పినట్టే బండి చీరాల తోలుకెళ్తాను."

"బొత్తిగా మొండికేస్తున్నావు. ఇంజను పగిలిపోతే?"

అప్పటిదాకా కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్న కామేశ్వరి గారు కళ్లు తెరిచారు. "పోనివ్వండి. అందులో నా పప్పు నీళ్లున్నాయి. వాటిలో మళ్లీ ఎవరి నీళ్లూ కలపడానికి నేనొప్పుకోను." అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ప్లీడరు గారు వెనక్కి జారబడ్డారు. వాదించడానికి ఆయనకింక కోర్టు మిగల్లేదు.

చెంచయ్య రెండో గేరులో, తొందరపడకుండా, ఇంజనుని గదమకుండా ఎక్కించాడు. చెమట కళ్లలోకి కారుతున్నా తుడుచుకోలేదు. ముల్లు ఎర్ర గీతకి బెత్తెడు దూరంలో ఉందనుకున్నాడు, చూస్తుండగానే అది వేలెడు దూరానికొచ్చింది. ఒక మలుపు. ఇంకో మలుపు. ముల్లు అక్కడే నిలబడింది. పైకి పోలేదు, కిందికి దిగలేదు. ఏ చల్లదనం చూసి పదేళ్లు మురిశాడో దాన్ని మనసులోంచి తీసి పారేశాడు. వేడిగా ఉండటం వేరు, మరిగిపోవడం వేరు. ఆ రెంటికీ మధ్యనున్న వేలెడు చోటులోనే తన కూడూ గూడూ ఉన్నాయని, అక్కడ నిలబడితే చాలని, తనకి తనే చెప్పుకుంటూ నడిపాడు.

దారి కాస్త చదునయ్యాక, ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ముల్లు తనంతట తను నడిమి గీతకి దిగింది.

శిఖరం దగ్గర కారు ఆపాడు. ప్లీడరు గారు దేవుడి గోపురం కోసం చూడకుండా ముందు బానెట్టు దగ్గరికి నడిచారు. చెవి ఒగ్గి విన్నారు. బుస్సు లేదు, బుడగ లేదు. కింద నేల పొడిగా ఉంది.

అప్పుడు చెంచయ్య చేతులు కట్టుకుని చెప్పేశాడు. "అయ్యగారూ, బండి తప్పేం లేదండి. నేను పాడుచేశాను. పదేళ్ల కిందట వాల్వు తీసింది నేనే. ఇరవయ్యేళ్లు బావి నీళ్లు పోసింది నేనే. చల్లగా ఉందని ఊరందరికీ గొప్పలు చెప్పిందీ నేనే."

ప్లీడరు గారు కళ్లజోడు సర్దుకున్నారు. "బావి నీళ్లు ఎందుకు పోశావు?"

చెంచయ్య తలొంచుకున్నాడు. పేరు చెప్పడు. చంపినా చెప్పడు.

"పొయ్యమన్నది నేను" అన్నారు కామేశ్వరి గారు వెనకనించి. "వాడు అడగలేదు. నేను అడగనివ్వలేదు."

ముగ్గురూ గోపురం వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు.

ఊరికొచ్చిన వారానికి కరీముల్లా వచ్చాడు, ముందు పెట్టిన కబురు రద్దయిన సంగతి ఆయనకి అందనే లేదు. షెడ్డులో కారు చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, వరండాలోకొచ్చి కూర్చున్నాడు.

"బండి చూశానండి. ఎప్పుడిస్తారు?"

ప్లీడరు గారు పేపరు మడిచారు. "బండి నాదేనండీ. కానీ అందులో నీళ్లు మా ఆవిడవి. ఆవిణ్ణి అడగండి."

కరీముల్లాకి అర్థం కాక వంటింటి వైపు చూశాడు. లోపల్నించి కామేశ్వరి గారి గొంతు వినిపించింది. "నా నీళ్లు నేనివ్వనని చెప్పండి. ఎండలో వచ్చారు, భోంచేసి వెళ్లమనండి."

మర్నాడు వెంకయ్య కావడి దించేసరికి పెరటి గుమ్మం బయట, మెట్టు మీద, తోమిన చిన్న బిందె ఒకటుంది. "ముందు అందులో ఓ నాలుగు చెంబులు పోసి, తరవాత లోపలికి తీసుకురా" అన్నారు కామేశ్వరి గారు. బిందె మీద ఓ చెంబు కూడా బోర్లించి ఉంది.

చెంచయ్య రేడియేటరు మూత తీసి చూశాడు. కూలెంటు చిలకాకుపచ్చగా, నిండుగా ఉంది. దానికి ఆ పూట ఏమీ అక్కర్లేదు. తిరిగొచ్చి మెట్టు దగ్గర అలవాటుగా వంగి దోసిలి పట్టబోయి, ఆగాడు. పైనించి పొయ్యడానికి గుమ్మంలో ఎవరూ లేరు. చెంబు తీసుకుని, బిందెలో ముంచి, ఇరవయ్యేళ్లలో మొదటిసారి ఆ ఇంటి మంచినీళ్లు నిలబడి తాగాడు.